పద్దెనిమిది డ్రమ్ముల ప్రపంచశాంతి

మజ్జి అప్పలసూరి తన జన్మలో చదవకుండా పెట్టిన సంతకాలు నాలుగే నాలుగు. ఆ నాలుగూ ప్రపంచశాంతి కాగితాల మీదే పడ్డాయి.

అలాగని ఆయన అజాగ్రత్త మనిషేం కాడు. పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా అడుగున అచ్చాఫీసు పేరు దాకా చదివి గానీ పక్కన పెట్టడు. శ్రీకాకుళం దాటాక హైవే పక్కన దిబ్బవలస పారిశ్రామికవాడలో నీలిచుక్క ఇంక్స్ అని ఒక కంపెనీ ఉంది. బాల్‌పెన్నుల్లో పోసే సిరా చేస్తుంది. అప్పలసూరి అక్కడ ఇరవై రెండేళ్ళుగా ప్లాంటు మేనేజరు. బాయిలరు దగ్గర ఒక నట్టు వదులైందంటే ఇంటికెళ్ళాక అన్నం సహించని రకం.

ఆ సిరా గడ్డకట్టకుండా ఒకప్పుడు అందులో ఒక ద్రావకం అక్కడే చేసి కలిపేవారు. మంచి ద్రావకమే. వచ్చిన చిక్కల్లా, దుర్బుద్ధి ఉన్నవాడి చేతిలో పడితే దానితో విషవాయువు కూడా చెయ్యొచ్చు. అందుకని ప్రపంచదేశాలన్నీ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నాయి. ఈ ద్రావకం చేసే ప్రతి ఫ్యాక్టరీ ఎంత చేసిందో, ఎంత నిలవుందో ఏటేటా ఫారం నింపి చెప్పాలి. విదేశాల నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసుకుంటారు. తప్పుడు ప్రకటన చేస్తే సంతకం పెట్టినవాడికి ఏడాది జైలు. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. నిజంగా మంచి ఒడంబడిక. నవ్వు అది మన దగ్గరికి వచ్చాక మొదలైంది.

నాలుగేళ్ళ కిందట కంపెనీ వేరే ద్రావకానికి మారిపోయింది. పాత ట్యాంకు ముక్కలు చేసి పాత ఇనుం వాడికి తోలేశారు. అది ఉన్నచోట ఇప్పుడు సైకిల్ స్టాండు ఉంది. కానీ ఫారం నింపేది అప్పలసూరి కాదు, ఆఫీసు క్లర్కు పట్నాయకుని సన్యాసిరావు. ఆయన పద్ధతి ఆయనకుంది. పోయిన ఏడాది కాపీ పక్కన పెట్టుకుంటాడు, గుండ్రటి అక్షరాలతో అచ్చంగా దింపుతాడు, చివర్న సంవత్సరం ఒక్కటి మారుస్తాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన పంపిన ఫారం ఒక్కటి కూడా ఏ ఆఫీసు నుంచీ అభ్యంతరంతో తిరిగి రాలేదు. ఆ పద్ధతి ప్రకారం నీలిచుక్క ఇంక్స్ కాగితం మీద ఈ నాలుగేళ్ళూ ద్రావకం చేస్తూనే ఉంది, గోడౌనులో పద్దెనిమిది డ్రమ్ములు నిలవ ఉంచుతూనే ఉంది. ఆ నాలుగేళ్ళూ నలభై పేజీల ఫారం సరిగ్గా బాయిలరు పరీక్ష ఉన్న వారంలోనే వచ్చింది. సన్యాసిరావు వేలు పెట్టి చూపించిన చోట అప్పలసూరి సంతకం గీకేసి బాయిలరు దగ్గరికి పరిగెత్తేవాడు.

ఒక బుధవారం ఉదయం ఫోనొచ్చింది. వచ్చే సోమవారం ఇద్దరు అంతర్జాతీయ ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు, ఏర్పాట్లు చూడ్డానికి రసాయన శాంతి పర్యవేక్షక మండలి నుంచి డిప్యూటీ డైరెక్టరు రేపే దిగుతున్నారు అని. అప్పలసూరి ఫారం కాపీ తెప్పించి మొదటిసారి మొదటినుంచీ చదివాడు. పదకొండో పేజీ దగ్గర చెమటలు పట్టాయి.

"ఏటండి సన్యాసిరావు గారూ ఇది? పద్దెనిమిది డ్రమ్ములెక్కడున్నాయండి మన దగ్గర?"

సన్యాసిరావు కాపీ తీసుకుని, పోయిన ఏడాది కాపీతో అక్షరం అక్షరం సరిపోల్చి చూశాడు. "తేడా ఏటీ లేదే సూరి గారూ. సరిగ్గానే ఉన్నాది."

"పోయినేడు కూడా లేవండీ!"

"పోయినేడు ఎవులూ అడగనేదు కదండీ," అన్నాడు సన్యాసిరావు, కొంచెం నొచ్చుకుని.

ఆ పూట అప్పలసూరికి ముద్ద దిగలేదు. ఏడాది జైలు. తను దొంగతనం చెయ్యలేదు, ఎవర్నీ కొట్టలేదు. చెయ్యని విషాన్ని చేశానని ఒప్పుకున్నందుకు జైలు. ఆలోచించగా ఆలోచించగా ఒకటే దారి కనబడింది. వచ్చే ఆఫీసరుకి ఉన్నదున్నట్టు చెప్పేసి తప్పు దిద్దుకోవడం.

డిప్యూటీ డైరెక్టరు నిష్ఠల భగీరథరావు గారు గురువారం పొద్దున్నే వచ్చారు. మాటకి ముందు గొంతు సవరించుకోవడం, మాట తరవాత ఎదుటివాడు రాసుకున్నాడా లేదా అని చూడ్డం ఆయన అలవాటు. అప్పలసూరి తలుపు వేసి, నాలుగు సంతకాల కథా చెప్పి, "తప్పు నాదే సార్. సరిదిద్దుకోనివ్వండి," అన్నాడు.

భగీరథరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తమ నిజాయితీ సూత్రప్రాయంగా అభినందనీయం. విధానపరంగా మాత్రం అత్యంత ప్రమాదకరం. 'నా వద్ద ఉన్నది' అన్న సంస్థను ఈ ఒడంబడిక ఏనాడూ శంకించలేదు. చూసి, రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది. 'నా వద్ద లేదు' అన్నవాణ్ణే అడుగుతుంది, ఏమైందని."

"ఏమీ అవలేదు సార్. మేం చెయ్యనే లేదు."

"చెయ్యలేదనడానికి రుజువు?"

"చెయ్యనిదానికి రుజువెలా ఉంటుంది సార్?"

"రుజువు లేదని తమరే సెలవిస్తున్నారు," అని ఆయన ఆ ముక్క డైరీలో రాసుకున్నారు.

"పోనీ, ఫారం దిద్దుకోడానికి ఏదైనా పద్ధతి ఉంటుంది కద సార్?"

"ఎందుకు లేదు? సవరణ పత్రం ఉంది. తనిఖీకి అరవై రోజుల ముందు సమర్పించాలి. తనిఖీ ఉన్నదన్న సంగతి అయిదు రోజుల ముందు మాత్రమే తెలియజేస్తాం. ఈ రెండు నిబంధనలూ విడివిడిగా చూస్తే చాలా బాగుంటాయి." ఆయన లేచి నిలబడ్డారు. "ప్రకటించిన నిలవ ప్రకటించిన స్థలంలో సోమవారానికి కనిపించాలి. అది కనిపిస్తే తమకి జైలు లేదు, దేశానికి మచ్చ లేదు."

పద్దెనిమిది డ్రమ్ముల కోసం అప్పలసూరి తిరగని చోటు లేదు. చేద్దామంటే ట్యాంకు లేదు. ముడిసరుకు అమ్మేవాడు ఆయుధాలకి కాదని ధ్రువపత్రం తెమ్మన్నాడు. ఆ ధ్రువపత్రం ఇచ్చేది భగీరథరావు గారి మండలే, దానికి పట్టేది మూడు నెలలు. చివరికి ఆదుకున్నది సన్యాసిరావే. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని నాలుగు ఫోన్లు చేశాడు. అన్నీ క్లర్కులకే.

"దొరికేయండి సూరి గారూ," అన్నాడు సాయంత్రానికి. "ఈ ద్రావకం ఫారాలు నింపే కంపెనీలు మొత్తం ఏడు. ఏడు చోట్లా మానీసేరట. ఏడు చోట్లా పోయినేడు మాదిరే రాస్తన్నారట. ఒక్క కంపెనీలో మాత్రం పద్దెనిమిది డ్రమ్ములు అసలైనవి మిగిలిపోనాయట. ఇన్‌స్పెక్టర్లు ఎక్కడికెల్తే ఓ రోజు ముందు లారీలో అవే ఎల్తాయట. ఇప్పుడు గోదావరి అవతల ఉన్నాయి. ఆదివారానికి మనకొచ్చెస్తాయి."

అప్పలసూరి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. దేశంలో ఉన్నదంతా ఒక్క లారీడు సరుకు. దానికి ఏడు ఊళ్ళు, ఏడు గోడౌన్లు, ఏడు ఫారాలు. అంతమంది ఇన్‌స్పెక్టర్లు ఖండాలు దాటి వచ్చి చూసేది ఈ లారీనే. సిగ్గు వేసింది. కానీ జైలు తలుచుకుంటే సిగ్గు కాస్త తగ్గింది.

శుక్రవారం, శనివారం గుడ్డలతో సరిపోయాయి. ఫ్యాక్టరీలు తమ వ్యాపార రహస్యాలని ఇన్‌స్పెక్టర్ల కంట పడకుండా గుడ్డ కప్పుకోవచ్చునని ఒడంబడికలో ఒక వెసులుబాటు ఉంది. భగీరథరావు గారు అప్పలసూరిని పిలిచి, "తమ రహస్యాలేమిటి?" అని అడిగారు.

"ఏం లేవు సార్. సిరా ఎలా చేస్తారో అందరికీ తెలుసు."

"రహస్యం లేని రసాయన కర్మాగారమా! వారు విశ్వసిస్తారనుకుంటున్నారా?"

శ్రీకాకుళం టెంటుహౌసు నుంచి వ్యాను నిండా తెల్లగుడ్డలు దిగాయి. మిక్సర్లకి కప్పారు. లారీలు తూచే వేబ్రిడ్జికి కప్పారు. గుడ్డలు మిగిలాయని సైకిల్ స్టాండుకీ, క్యాంటీను కిటికీలకీ, ఆఖరికి సన్యాసిరావు టేబులుకీ కప్పారు. పదిహేనేళ్ళుగా డ్రమ్ములు కడిగే పోలమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి సూరిబాబు, కుళాయికి ముసుగేసీసేరు? నాను డ్రమ్ములెలాగ కడగాల?"

"సోమారం దాకా కడక్కులే పోలమ్మా."

"అయితే సెప్పు బావు, ఈ కుళాయిలో మనం దాసుకున్న రహస్సెం ఏటో. పదిహేనేల్లు సేసేను, నాకెవులూ సెప్పనేదు."

ఆదివారం మధ్యాహ్నం లారీ వచ్చింది. డ్రైవరు గవర్రాజుది రావులపాలెం వైపు. క్యాబిన్లోంచి దిగుతూనే అప్పలసూరికి దణ్ణం పెట్టాడు. "ఆయ్, తవరిది ఆరో కంపెనీ అండి. ఇంకొక్కటే మిగిలిందండి."

డ్రమ్ముల మీద లేబులు మీద లేబులు అంటించి అంటించి పూతరేకులా పొరలు కట్టాయి. సన్యాసిరావు నీలిచుక్క లేబుళ్ళు శ్రద్ధగా వాటి మీద అంటించుకుంటూ వచ్చి ఏడో డ్రమ్ము దగ్గర ఆగిపోయాడు. దాని మూతకి ఎర్రటి సీలు ఉంది. దాని మీద నంబరు, పోయిన మంగళవారం తేదీ, కింద ఒక పొడుగాటి సంతకం.

"ఇదేటి గవర్రాజూ?"

"వాళ్ళు పెట్టిన సీలేనండి, అవతల కంపెనీలో. పీకుదునే గానీ, పీకితే ఏడాది జైలని దాని మీదే రాసుందండి. చట్టం తప్పకూడదు కదండీ."

ఆ సీలు గోడవైపు తిరిగేలా డ్రమ్ముని తిప్పి, ఆ పైన ఒక తెల్లగుడ్డ కప్పారు.

సోమవారం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్లు దిగారు. పెద్దావిడ పేరు ఓలివేరా. నెరిసిన జుట్టు, మెళ్ళో మూడు కార్డులు. వెంట వచ్చిన పొడుగాటి మనిషి రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలో ఇనప పెట్టె ఉంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. అది రానివాళ్ళ కోసం భగీరథరావు గారు మధ్యమధ్య ఇంకా అర్థంకాని తెలుగులో చెబుతూ వచ్చారు.

ఆవిడ గేటు దాటి లోపలికి వచ్చి, కనుచూపు మేర తెల్లగుడ్డలు చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుంది. "ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగింది.

"లేదు మేడమ్. అంతా రహస్యం," అన్నారు భగీరథరావు గారు.

గోడౌనులో డ్రమ్ములు మూడు వరసల్లో నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ వేలితో చూపిస్తూ పద్దెనిమిదీ లెక్కపెట్టింది. ఏడోదాని దగ్గర ఆగి, గుడ్డ తియ్యమంది. డ్రమ్ము ఇటు తిప్పమంది. పోలమ్మ తిప్పింది. జైలుకి క్యారేజీ పట్టుకుని వచ్చే భార్య మొహం అప్పలసూరి కళ్ళముందు కనబడింది.

ఓలివేరా కళ్ళజోడు పెట్టుకుని సీలు చూసింది. నంబరు చూసింది. సంతకం చూసింది. తన పుస్తకంలో రాసుకుంటూ పైకి చదివింది: "సీలు చెక్కుచెదరలేదు. సంతృప్తికరం."

భగీరథరావు గారు ఊపిరి వదిలారు. వదిలెయ్యవలసింది అక్కడితో అప్పలసూరి కూడా. కానీ శుభలేఖలో అచ్చాఫీసు పేరు చదివే మనిషికి అది చేతకాలేదు.

"మేడమ్, ఆ సంతకం మీదే కదండీ?"

"నాదే. నా సంతకం నేను గుర్తుపట్టనా?"

"మీరు మా ఫ్యాక్టరీకి రావడం ఇదే మొదలు కదండీ."

"నిజమే," అంది ఆవిడ, ఏ మాత్రం తొణక్కుండా. "ఎక్కడికి ఎప్పుడు వెళ్ళామన్నది ప్రయాణాల విభాగం చూసుకుంటుంది. సీలు విరిగిందా లేదా అన్నదే నా పని."

తరవాత శాంపులు తీశారు. ఇదే డ్రమ్ము కావాలని పట్టుబట్టకుండా నాలుగైదు మూతలు తీయించారు. మూత తీసిన పోలమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది, ఒక చుక్క వేళ్ళ మధ్య రాసి చూసింది. అప్పలసూరి చెవి దగ్గరికి వచ్చి, "బావూ, ఇది మన మందు కాదు. అన్నీ ఉత్త నీల్లు," అంది.

పెట్టె మనిషి యంత్రం తెరిచి, చుక్కలు వేసి, కాసేపటికి బొటనవేలు పైకెత్తాడు. నిషిద్ధ పదార్థాలేవీ లేవని ఓలివేరా ప్రకటించింది.

"నిషిద్ధమైనవి లేవు సరే. ఉన్నదేమిటండీ?" అని అడిగాడు అప్పలసూరి.

ఆవిడ యంత్రం తెరవైపు చూసింది. "నీళ్ళు. కొంచెం ఉప్పగా."

"ఫారంలో ద్రావకం అని ఉందండీ!"

"ఉండకూడనివి ఉన్నాయా అని ఈ యంత్రం చూస్తుంది. ఉండవలసినవి ఉన్నాయా అని చూడ్డం దానికి నేర్పలేదు."

అప్పలసూరి పక్కకి వచ్చి గవర్రాజుని నిలదీశాడు. గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. "ప్రతి చోటా సీసాడు శాంపులు తీత్తారండి. తగ్గినమేరకి నీళ్ళు కలుపుతారండి. అంతకుమించి నాకేం తెలీదండి, ఒట్టు."

అప్పలసూరి చదివింది కెమిస్ట్రీ. సీసాడు తీసి సీసాడు నీళ్ళు కలిపితే డ్రమ్ము పలచబడుతుంది గానీ ఉత్త నీళ్ళయిపోదు. మూత తీసిన ప్రతి డ్రమ్మూ ఉత్త నీళ్ళే అయ్యిందంటే ఎవరో కావాలని తోడుకుపోయారు. ఏడు కంపెనీల్లో ఎక్కడో, నాలుగేళ్ళలో ఎప్పుడో. సిరా కోసం అయితే దొంగతనంగా తోడుకోవలసిన పని లేదు. ఆ ఆలోచన వచ్చాక ఆయనకి జైలు గుర్తు రాలేదు. భయం వేసింది. అయిదు రోజులుగా పడుతున్న భయం కాదు ఇది. ఊళ్ళు, బస్టాండ్లు, సంతలు, వాటిల్లో తిరిగే జనం, అంతా కళ్ళముందు తిరిగారు.

మూడింటికి కాగితాలు బల్ల మీదకి వచ్చాయి. 'కనుగొనబడినది ప్రకటనతో ఏకీభవించుచున్నది' అని అచ్చువేసి ఉంది. కింద సంతకానికి చోటు. సన్యాసిరావు అలవాటు ప్రకారం అక్కడ వేలు పెట్టి చూపించాడు. అప్పలసూరి ఆ వేలు పక్కకి తోసి, పైన ఉన్న 'రిమార్కులు' అన్న ఖాళీలో తన చేత్తో మూడు వాక్యాలు రాశాడు. మేం నాలుగేళ్ళుగా ఈ ద్రావకం చెయ్యడం లేదు. ఈ డ్రమ్ములు మావి కావు. వీటిలో ఉన్నవి నీళ్ళు కాబట్టి అసలు ద్రావకం ఎక్కడికి పోయిందో వెంటనే వెతకాలి.

"ఏడాది కాకపోతే రెండేళ్ళు పోతాను సార్. ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను," అన్నాడు భగీరథరావు గారితో. భగీరథరావు గారి మొహం చుట్టూ కప్పిన తెల్లగుడ్డలతో కలిసిపోయింది.

ఓలివేరా ఆ మూడు వాక్యాలూ ఇంగ్లీషులో చెప్పించుకుంది. రెండోసారి కూడా చెప్పించుకుంది. ఆవిడ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. లేచి వచ్చి అప్పలసూరి చెయ్యి పట్టుకుని ఊపింది.

"ఇంత ముఖ్యమైన సమాచారం నా పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఏ ఫ్యాక్టరీ ఇవ్వలేదు," అంది.

అప్పలసూరి కళ్ళు చెమర్చాయి. "వెంటనే వెతికించండి మేడమ్."

"ఫ్యాక్టరీ తనంతట తానిచ్చిన ముఖ్యమైన సమాచారాన్ని కాపాడ్డం మా మొదటి బాధ్యత," అంటూ ఆవిడ పెట్టె మనిషివైపు చూసింది. అతను ఇనప పెట్టెలోంచి ఒక పెద్ద ముద్ర తీసి కాగితం మీద గట్టిగా గుద్దాడు. అత్యంత గోప్యం. కాగితం కవర్లోకి వెళ్ళింది. కవరు మీద లక్క పడింది. కవరు పెట్టెలోకి వెళ్ళింది. పెట్టెకి రెండు తాళాలు పడ్డాయి.

"ఇంతకీ ఎవరు చదువుతారండీ దాన్ని?"

"చదివే అధికారం ముగ్గురికి ఉంది. వాళ్ళెవరన్నది గోప్యం."

"వాళ్ళు వెతికిస్తారా?"

"ఏం వెతకాలో ఎవరికైనా చెబితే గోప్యత భంగమవుతుంది కదా," అంది ఓలివేరా, చాలా దయగా. ఇంకో కాపీ మీద రిమార్కుల ఖాళీలో అడ్డగీత గీసి, కింద 'సంతృప్తికరం' అని రాసి, అందరికీ నమస్కారం పెట్టి, ఏడో కంపెనీకి బయల్దేరింది. ఆవిడ కారు గేటు దాటీ దాటకముందే గవర్రాజు డ్రమ్ములు ఎక్కించడం మొదలుపెట్టాడు.

భగీరథరావు గారికి ఈలోగా రంగు తిరిగి వచ్చింది. అప్పలసూరి భుజం మీద చెయ్యి వేశారు. "అభినందనలు. ఇకపై ఆ మూడు వాక్యాలూ తమవి కావు. అంతర్జాతీయ రక్షణలో ఉన్నాయి. ఎవరివద్దనైనా వెల్లడిస్తే రెండేళ్ళు."

"తప్పుడు ప్రకటనకి ఏడాదే కద సార్?"

"అది వేరు. తమ ప్రకటన సంతృప్తికరమని ఇప్పుడే ధ్రువీకరించారు. అబద్ధం విషయంలో తమరు పూర్తిగా నిర్దోషులు. నిజం విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య సూరీడమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. అయిదు రోజులుగా మొక్కని దేవుడు లేడు పాపం.

"జైలు తప్పిందేటండీ?"

"తప్పింది."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, కాళ్ళకి నీళ్ళిచ్చి, కంచం పెట్టింది. చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఆయన మొహం చూసింది. అన్నం కలుపుతున్నాడు గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"తప్పితే మరి మొకం అలగుందేటి? ఇందాక పోలమ్మొచ్చి సెప్పింది, ఆ డ్రమ్ముల్లో ఉన్నవన్నీ నీల్లేనటకదా," అంది సూరీడమ్మ. "అయితే ఆ అసలు మందు ఎక్కడికెల్లిపోనాదండీ? ఎవులట్టుకుపోనారు?"

ఏడు కంపెనీల్లో, ఒక మండలిలో, ఒడంబడిక రాసుకున్న అన్ని దేశాల్లోనూ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఇద్దరే. అప్పలసూరి చెప్పబోయాడు. రెండేళ్ళ జైలు గుర్తొచ్చింది. ఎంగిలిచేత్తోనే లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టాడు.